ఫ్రిజ్ కొనుటకు ముందు

ఫ్రిజ్ కొనబోవువారు అంగడిలో ముందుగా రంగు చూతురు, పిమ్మట ధర అడుగుదురు. ఇటీవల నక్షత్రములను గూడ లెక్కించుచున్నారు. మంచిదే. కాని అదే పట్టీపై ముద్రించిన యూనిట్ల సంఖ్యను చదువువారు అరుదు. ముఖ్యముగా చదువవలసినది అదియేనని మా అభిప్రాయము.

ఫ్రిజ్ చల్లదనమును పుట్టించదు. లోపలి వేడిని తోడి బయట పారబోయును. ఆ తోడుపని కంప్రెసరుది. గోడల గుండా, తలుపు సందుల గుండా వేడి మరల లోనికి చొరబడుచునే యుండును. గదిని వీడునపుడు ఫ్యాను ఆపుదుము, ఫ్రిజ్‌ను ఆపము. రంజనులోని నీటికి కరెంటు బిల్లు లేదు గాని, రంజను పాలను కాపాడలేదు గదా!

2001 నాటి ఇంధన పొదుపు చట్టము ననుసరించి 2002లో ఏర్పడిన బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ అను కేంద్ర సంస్థ 2006లో ఈ నక్షత్రముల పద్ధతిని ప్రారంభించెను. 2010 నుండి ఫ్రాస్ట్ ఫ్రీ ఫ్రిజ్‌లకు పట్టీ తప్పనిసరి యయ్యెను. ఇచ్చట ఒక మెలిక కలదు. నక్షత్రములు ఫ్రిజ్ రకమును, పరిమాణమును బట్టి యిచ్చునవి. కావున 5 నక్షత్రముల పెద్ద ఫ్రిజ్, 3 నక్షత్రముల చిన్న ఫ్రిజ్ కంటె ఎక్కువ కరెంటు తినవచ్చును. పైగా కొలమానమును అప్పుడప్పుడు కఠినతరము చేయుచుందురు. నిన్నటి 5 నేటి 5తో సమానము కాదు. పట్టీపై సంవత్సరమును చూడవలెను.

ఒక లెక్క వేసి చూతము. ఒకే పరిమాణము గల రెండు ఫ్రిజ్‌లలో ఒకటి ఏడాదికి 180 యూనిట్లు, రెండవది 260 యూనిట్లు వాడుననుకొందము. తేడా 80. యూనిట్ 8 రూపాయలైనచో ఏటికి 640 రూపాయలు, పదేండ్లకు 6,400. మొదటిదాని ధర 4,000 ఎక్కువైనను ఆరేండ్లు దాటి కొలదినెలలకే ఆ సొమ్ము తిరిగి వచ్చును. 8,000 ఎక్కువైనచో పదేండ్లకును రాదు. అప్పుడది నక్షత్రములపై మోజు మాత్రమే.

హాస్టలుకు ఫ్రిజ్ కొనునది కమిటీ. దాని కరెంటు బిల్లును మెస్ చార్జీలలో పంచుకొనునది విద్యార్థులమైన మేము. అందుచేత కొటేషన్లు తెప్పించునపుడు ధర ప్రక్కన ఏటి యూనిట్లను గూడ వ్రాయించుడని పెద్దలకు మా మనవి.

పాత ఫ్రిజ్‌ను పారవేయుటకు ముందు తలుపు సందున ఒక కాగితమునుంచి, మూసి, లాగి చూడుడు. తేలికగా ఊడివచ్చినచో రబ్బరు వదులైనదని అర్థము. రబ్బరు మార్చిన చాలును. మా హాస్టలు ఫ్రిజ్‌లో మేము లాగకమునుపే కాగితము జారిపడెను.