విషం మానేశాం సరే, ఆయాసం ఎందుకొస్తోంది?



"మనం మందులు కొట్టం కదా, మన ఊపిరితిత్తులకేం ఢోకా లేదు" అనే మాట మన రైతు సమావేశాల్లో తరచూ వింటుంటాను. అది సగమే నిజం. పురుగుమందు మన ముక్కులోకి పోవట్లేదు, సంతోషం. కానీ మనం చేసే పనులు ఒక్కసారి లెక్కేసుకోండి. ఘనజీవామృతం ఎండబెట్టి, చితక్కొట్టి, జల్లెడ పడతాం. ఆచ్ఛాదన కోసం పాత వరిగడ్డి విప్పి పరుస్తాం. అగ్నిఅస్త్రం కోసం గోమూత్రంలో పచ్చిమిర్చి, వెల్లుల్లి, పొగాకు, వేపాకు వేసి మరిగిస్తాం. ఇవన్నీ పంటకు మంచివే. ఊపిరితిత్తికి మాత్రం దుమ్ము దుమ్మే, బూజు బూజే, ఘాటు ఘాటే.

మా మేనమామ సంగతి చెబుతాను. నల్గొండ వైపు ఊరు. ఆ ఏడు కోతలప్పుడు వాన పడి గడ్డి తడిసింది, తడిగానే కుప్ప వేశారు. కూరగాయల మడుల్లో పరచడానికి ఆ కుప్ప విప్పితే లోపల తెల్లగా బూజు, చేయి పెడితే పొగలా లేచింది. పొద్దున ఆ పని చేశాడు. దీపాల వేళకి చలి, జ్వరం, పొడి దగ్గు, నాలుగడుగులు వేస్తే ఎగపోత. ఊళ్లో సూది వేయించుకున్నాడు, రెండు రోజుల్లో తగ్గింది. మళ్లీ గడ్డి, మళ్లీ జ్వరం. మూడోసారి మలేరియా ఏమో అన్నారు, రక్తపరీక్షలో లేదు. సంక్రాంతి నాటికి జ్వరం లేని రోజుల్లో కూడా మెట్లెక్కలేకపోయాడు.

నేను ఆదివారాలు అమీర్‌పేట అపార్ట్‌మెంట్లలో బియ్యం, కూరగాయలు ఇస్తుంటాను. దారులు తెలుసు కాబట్టి పంజాగుట్టలో ఊపిరితిత్తుల డాక్టరు దగ్గరికి మామను నేనే తీసుకెళ్లాను. ఏం పని చేస్తావంటే "వ్యవసాయం" అని ఊరుకున్నాడు మామ. డాక్టరు ఊరుకోలేదు. "జ్వరం వచ్చిన రోజు పొద్దున ఏం చేశావు పెద్దాయనా?" అన్నాడు. అక్కడ దొరికింది దారి. గొట్టంలోకి గట్టిగా ఊదే పరీక్ష, దాన్నే స్పైరోమెట్రీ అంటారు, తర్వాత ఛాతీ సీటీ స్కాన్ చేసి, బూజు దుమ్ము పడక ఊపిరితిత్తులు వాచాయని తేల్చారు.

దీనికి ఫార్మర్స్ లంగ్ అని పేరు. బూజు పట్టిన గడ్డితో పనిచేసిన రైతుల్లో ఈ జబ్బు గురించి ఇంగ్లండ్‌లో క్యాంప్‌బెల్ అనే డాక్టరు 1932లోనే రాశాడు. తడి గడ్డి కుప్పలో వేడెక్కుతుంది, మన కంపోస్టు వేడెక్కినట్టే. ఆ వేడిలో పెరిగే సూక్ష్మజీవుల బీజాలు ఎంత సన్నవంటే ఊపిరితిత్తి చివరి గాలిగదుల దాకా పోతాయి. ఒంట్లోని రక్షణ వ్యవస్థ వాటి మీద తిరగబడి వాపు తెస్తుంది. పనిచేసిన 4 నుంచి 8 గంటలకు లక్షణాలు బయటపడతాయి కాబట్టి గడ్డికీ జ్వరానికీ ముడి ఎవరికీ తట్టదు. ఇది ఇన్ఫెక్షన్ కాదు, యాంటీబయాటిక్ సూదులు దీనికి దండగ. వాపు తగ్గడానికి డాక్టరు కొన్నాళ్లు స్టిరాయిడ్ ఇవ్వొచ్చు గానీ అసలు వైద్యం ఆ దుమ్ముకు దూరంగా ఉండటమే. పదే పదే తగిలితే ఊపిరితిత్తి మచ్చకట్టి గట్టిపడుతుంది. ఆ మచ్చ ఇక పోదు.

పట్నంవాళ్లకూ ఇది తప్పలేదు. ఊపిరితిత్తులు ఇలా వాచి గట్టిపడే జబ్బులున్న 1,084 మందితో మన దేశంలో ఒక రిజిస్ట్రీ చేశారు, 2017లో ప్రచురించారు. వాళ్లలో దాదాపు 47 శాతం మందిది ఇదే కోవ, ఏదో ఒకటి పడకపోవడం. వాళ్లలోనూ సగానికి దగ్గరగా ఎయిర్ కూలర్ వాడినవాళ్లు. పావురాల రెట్ట, ఈకల దుమ్ము కూడా ఇదే పని చేస్తాయి. బాల్కనీలో పావురాలకు గింజలు వేసే నా అమీర్‌పేట కస్టమర్లకు చెబితే కొందరు నన్నే ఎగాదిగా చూశారు!

అన్ని ఆయాసాలూ ఒకటి కావు, వేళను బట్టి చాలావరకు అనుమానించవచ్చు. వచ్చి పోతూ, తెల్లవారుజామున ఎక్కువై, పిల్లికూతలు వినిపిస్తే ఉబ్బసం కావొచ్చు, మన దగ్గర దమ్ము అంటాం. అగ్నిఅస్త్రం కాగే పొయ్యి దగ్గర కూర్చుంటే ఉబ్బసం ఉన్నవాళ్లకి అక్కడికక్కడే పట్టేస్తుంది. నలభై దాటాక, ఏళ్ల తరబడి బీడీ తాగినవాళ్లకో కట్టెల పొయ్యి ఊదిన ఆడవాళ్లకో రోజూ ఉండి మెల్లగా పెరిగేది సీఓపీడీ. మన ఇళ్లల్లో "వయసైపోయింది లే" అని అమ్మల ఆయాసాన్ని వదిలేస్తున్నది ఇక్కడే, నాకు కోపం వచ్చేదీ ఇక్కడే. దగ్గు రెండు వారాలు దాటినా, సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, తెమడలో రక్తం ఉన్నా ముందు టీబీ పరీక్ష. ప్రభుత్వ ఆసుపత్రుల్లో పరీక్షా ఉచితం, మందులూ ఉచితం.

ఇన్‌హేలర్ అలవాటైపోతుందని భయపడేవాళ్లు మనలో ఎక్కువ. సాల్బుటమాల్ మాత్ర ఒకటి 4 మిల్లీగ్రాములు, ఒక్క పఫ్ 100 మైక్రోగ్రాములు. అంటే మాత్రలో 40వ వంతు, అదీ నేరుగా ఊపిరితిత్తికి. ఊపిరి పూర్తిగా వదిలి, పెదాలతో బిగించి, నెమ్మదిగా పీలుస్తూ నొక్కి, పది సెకన్లు బిగబట్టాలి. స్పేసర్ గొట్టం ఉంటే ఇంకా నయం. స్టిరాయిడ్ ఇన్‌హేలర్ అయితే తర్వాత నోరు పుక్కిలించాలి. మృగశిర కార్తెకు నాంపల్లి వెళ్లి చేపమందు మింగుతారా, మీ ఇష్టం. ప్రాణాయామం చేస్తారా, మంచిదే. వాటి కోసం ఇన్‌హేలర్ మాత్రం పక్కన పెట్టకండి. ఒక్క వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా 108కి ఫోన్ చేయండి.

ఇక పొలంలో. గడ్డి పూర్తిగా ఎండాకే కుప్ప వేయండి. బూజు కుప్ప విప్పాల్సివస్తే ముందు నీళ్లు చల్లి, గాలి మీ వీపు వైపు నుంచి వీచేలా నిలబడండి. ఘనజీవామృతం కొట్టేది, జల్లించేది ఆరుబయటే, పాకలో వద్దు. కండువా కట్టుకుంటే కంటికి కనిపించే దుమ్ము ఆగుతుందేమో గానీ ఈ బీజాలు ఆగవు. ఎన్-95 మాస్క్ కావాలి, చెంపల దగ్గర సందు లేకుండా ఎలా బిగించాలో వీడియోలో చూపించాం. ఒకసారి ఈ జబ్బు తేలినవాళ్లు మాత్రం మాస్క్‌ని నమ్ముకుని కుప్ప దగ్గరికి పోవద్దు. మామ ఇప్పుడు నీళ్లు పెట్టే పని చూసుకుంటాడు, గడ్డి పని కొడుకుది.

చూపించుకోవడానికి పంజాగుట్టలో నిమ్స్ ఉంది. ఎర్రగడ్డలో ప్రభుత్వ ఛాతీ ఆసుపత్రి ఉంది, అమీర్‌పేట నుంచి మెట్రోలో మూడో స్టేషన్. పాత ఎక్స్‌రేలు, వాడిన మాత్రల అట్టలు పట్టుకెళ్లండి. "వ్యవసాయం" అని ఒక్క ముక్కతో సరిపెట్టకుండా గడ్డి, పేడ, పొగ, కోళ్లు, కూలర్ అన్నీ చెప్పండి. ఫోన్‌లో ఆ గడ్డికుప్ప ఫోటో ఉంటే ఇంకా మంచిది.