మీకు తెలుసా? ఒక సైకిల్ హైస్కూలును దగ్గర చేసింది

బీహార్ ప్రభుత్వం 2006లో ఒక పథకం తెచ్చింది. తొమ్మిదో తరగతిలో చేరిన ప్రతి ఆడపిల్లకూ సైకిల్ కొనుక్కోవడానికి 2,000 రూపాయలు. తొమ్మిదో తరగతే ఎందుకంటే, చదువు తెగిపోయేది సరిగ్గా అక్కడే. చిన్నబడి ఊళ్లోనే ఉంటుంది, హైస్కూలు చాలా ఊళ్లకు దూరం. ఎదిగిన పిల్లను అంత దూరం ఒంటరిగా నడిపించడానికి ఏ తల్లికి ధైర్యం వస్తుంది?

ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, నిషిత్ ప్రకాశ్ ఈ పథకం ఫలితాన్ని లెక్కగట్టారు. బీహార్ అమ్మాయిలను అక్కడి అబ్బాయిలతో, పక్కనే ఉన్న జార్ఖండ్ పిల్లలతో పోల్చి మరీ చూశారు. ఆ వయసు ఆడపిల్లలు హైస్కూల్లో చేరడం 32 శాతం పెరిగింది. అబ్బాయిలకూ అమ్మాయిలకూ మధ్య ఉన్న అంతరం 40 శాతం తగ్గింది. పెరుగుదల ఎక్కువగా కనిపించింది హైస్కూలుకు దూరంగా ఉన్న ఊళ్లలోనే. పదో తరగతి పరీక్ష రాసిన అమ్మాయిల సంఖ్య, పాసైనవాళ్ల సంఖ్య కూడా పెరిగాయి.

డబ్బు సాయం ఒక్కటే ఇంత పని చేసి ఉండదు. ఊరి పిల్లలంతా ఒకేసారి సైకిళ్లు ఎక్కారు, గుంపుగా వెళ్లారు. ఆ గుంపే వాళ్లకు రక్షణ. ఆడపిల్ల సైకిల్ తొక్కడమేమిటని గొణిగే నోళ్లు కూడా అన్ని సైకిళ్లను ఆపలేవు కదా!

తర్వాత ఆఫ్రికాలోని జాంబియాలోనూ పల్లెటూరి బాలికలకు సైకిళ్లిచ్చి చూశారు. బడికి చేరే సమయం దాదాపు మూడో వంతు తగ్గింది, గైర్హాజరూ తగ్గింది.