‘న్యూ’ అనే పుస్తకం
మా ఊరి గ్రంథాలయానికి జాంగోతో చిన్న వెబ్‌సైట్ కట్టాను. జాబితా వచ్చింది, ఒక్కో పుస్తకం పేజీ తెరుచుకుంది. కొత్త పుస్తకం చేర్చే ‘బుక్స్/న్యూ/’ చిరునామా కొడితే మాత్రం 404. పేజీ లేదట! ఫంక్షన్ ఉంది, స్పెల్లింగ్ సరే, చివర స్లాష్ కూడా ఉంది. రెండు టీలు అయిపోయాయి.

అప్పుడుగానీ ఆ ఎర్రర్ పేజీని పూర్తిగా చదవలేదు. (మనలో చాలామందిమి 404 అంకె చూసి ట్యాబ్ మూసేస్తాం.) డీబగ్ ఆన్‌లో ఉంటే జాంగో తాను ప్రయత్నించిన దారులన్నీ వరసగా చూపిస్తుంది. ఏదీ కుదరకపోతే ఆ మాటే చెబుతుంది. నాకు మాత్రం, చివరిది కుదిరిందనీ, అలాంటి పుస్తకమే లేదనీ వచ్చింది. అంటే దారి దొరికింది, కానీ వేరే గుమ్మం ముందు దింపింది!

యూఆర్ఎల్స్ ఫైలును జాంగో పైనుంచి కిందికి చూస్తుంది. మొదట కుదిరినచోటే ఆగిపోతుంది. ‘బుక్స్/పుస్తకం పేరు/’ అనే వరసను నేనే పైన రాశాను. అది ‘న్యూ’ని కూడా పుస్తకం పేరనుకుని డేటాబేస్ అంతా వెతికింది. పాపం, దాని తప్పేముంది? వరసలు తారుమారు చేశాను, ఫారం తెరుచుకుంది.

రేపు నిజంగానే ‘న్యూ’ అనే పుస్తకం వస్తే దాని పేజీ తెరుచుకోదు. అప్పుడు చూద్దాం.