పొయ్యి రాజేయని పూట

పోతన భాగవతంలో గోపబాలురు చల్దులారగించే ఘట్టాన్ని ఎరుగని తెలుగువారు అరుదు. ఇసుకతిన్నెపై కృష్ణుని చుట్టును వలయాలుగా కూర్చొని, ఇండ్లనుండి తెచ్చుకొన్న చిక్కములు విప్పి, ఆకులను, రాళ్ళను కంచాలుగా చేసుకొని, ఆ బాలురు తమకు తోచినట్లు తింటారు. ఒకడు ఊరగాయ చూపి తోటివానిని ఊరిస్తాడు. ఒకడు ప్రక్కవాని చల్దిని లాగుకొంటాడు. అచట పొయ్యి లేదు, పొగ లేదు. వెంటబడి ముద్దలు కుక్కే తల్లియు లేదు. అయినను ఆకలి మిగిలినవాడు ఒక్కడును కనబడడు.

ఆ తిన్నెమీది ఉల్లాసం నేటి ఇండ్లలో రాత్రి భోజనవేళ తరచుగా కానరాదు. పగలంతయు కార్యాలయంలో పనిచేసి వచ్చిన తల్లి అన్నం, పప్పు, కూర వండి కంచంలో పెడుతుంది. నాలుగేళ్ళ పిల్లవాడు కరివేపాకు ఏరి పారవేస్తాడు. బీరకాయ ముక్కను వేలితో అవతలికి నెడతాడు. పిదప పెదవులు బిగిస్తాడు. బుజ్జగింపు, కథ, బెదిరింపు వరుసగా విఫలమైన తరువాత సెల్‌ఫోన్ తెర వెలుగుతుంది. ఆ బొమ్మల మాయలో ముద్ద నోటిలోనికి పోవుట నిజమే. ఏమి తిన్నాడో, ఎంత తిన్నాడో వానికే తెలియదు. తల్లి మాత్రం, తానేదో తప్పు చేసితినన్న భావంతో, చల్లారిన అన్నం ముందు అందరికంటె చివర కూర్చుంటుంది.

తప్పు ఆమెది కాదు. రెండవ యేటినుండి ఐదారేళ్ళ వరకు క్రొత్త పదార్థాన్ని శంకించడం పిల్లల సహజగుణమని శిశుపోషణ శాస్త్రజ్ఞులు గుర్తించినారు. ఒకే పదార్థం పది పదిహేనుసార్లు, ఒత్తిడి లేకుండా ఎదుటికి వచ్చిన పిదపనే నాలుక దానితో చెలిమి చేయవచ్చును. బలవంతం ఆ శంకను పగగా మారుస్తుంది.

ఈ విషయమై అమెరికాలో క్లారా డేవిస్ అనే శిశువైద్యురాలు చేసిన ప్రయోగం ప్రసిద్ధమైనది. 1928లో తొలి ఫలితాలను, 1939లో పదిహేనుమంది పిల్లల వృత్తాంతాన్ని ఆమె ప్రకటించినారు. అప్పుడే పాలు మానిన శిశువుల ముందు పదార్థాలను వేరువేరు గిన్నెలలో పెట్టేవారు. పట్టికలో మొత్తం 34 ఉండేవి: పండ్లు, కూరగాయలు, ధాన్యాలు, పాలు, గ్రుడ్లు, మాంసం, కొన్ని పచ్చివి, కొన్ని ఉడికినవి. చెంచా పట్టిన దాది ఏ గిన్నెనూ సూచించరాదు. శిశువు చూపినదే అందించాలి. ఒక్కొక్కరి ఎన్నిక ఒక్కొక్క విధంగా సాగినది, పూటపూటకు మారినది. అయినను అందరును పుష్టిగా ఎదిగినారు. రికెట్స్ వ్యాధితో వచ్చిన ఒక శిశువు ముందు కాడ్ చేపనూనె ఉంచగా, నయమయ్యేవరకు తనంతట తాను త్రాగి, ఆపై మానివేసినాడు. ఇందులోని కిటుకును డేవిస్ దాచలేదు. పట్టికలో మిఠాయిలు లేవు. పెద్దలు ఏర్చి కూర్చిన మంచి పదార్థాలే ఉన్నవి. ఏమి పెట్టాలో పెద్దల వంతు. అందులో ఏది, ఎంత తినాలో పిల్లల వంతు. ఈ హద్దు నిలిచినచోట కంచం దగ్గర పోరు ఉండదు.

ఇటువంటి పళ్ళెం కూర్చడానికి తెలుగింట క్రొత్త సరుకు కొనవలసిన పని లేదు. కుచేలుడు కొంగున కట్టుకొనిపోయిన అటుకులు వడ్లను నానబెట్టి, వేయించి, దంచగా వచ్చినవే. అగ్నిపని మునుపే జరిగిపోయినందున వాటిపై నీళ్ళు చిలకరిస్తే చాలును. మరమరాలు, పుట్నాలపప్పు కూడ అట్టివే. శ్రీరామనవమి వడపప్పు గంటసేపు నానిన పెసరపప్పే గదా! దానిలో కొబ్బరికోరు, కొంచెం నిమ్మరసం కలిపితే పిల్లలకు పండుగ, తల్లికి విశ్రాంతి.

వారానికి ఒకటి రెండు సాయంకాలాలు ఈ ఏర్పాటు చేయవచ్చును. పళ్ళెంలో ఐదు చిన్న గిన్నెలు చాలును: పెరుగులో తడిపిన అటుకులు, వడపప్పు, జామపండో అరటిపండో, కీరదోస ముక్కలు, బెల్లంతో దంచిన నువ్వుల చిమ్మిలి కొద్దిగా. అటుకులు శక్తినిస్తవి, పప్పు మాంసకృత్తులనిస్తుంది, జామ, నిమ్మలలోని సి విటమిను పప్పులోని ఇనుము ఒంటబట్టడానికి తోడ్పడుతుంది. గిన్నెలలో ఒక్కటైనా పిల్లవాడు తప్పక తినేది ఉండాలి. ఒక్కటైనా ఇంకను అలవాటు కానిది ఉండాలి. చిమ్మిలిని తక్కినవాటితో పాటే పెట్టాలి; అది బహుమానమైన మరుక్షణం తక్కినవి శిక్షలవుతవి. పెట్టిన తరువాత పొగడ్త గాని, ముద్దల లెక్క గాని వద్దు. ఈ పనికి వంటనేర్పు అక్కరలేదు గనుక తండ్రియో, ఇంటి పెద్దపిల్లయో గిన్నెలు సర్దవచ్చును.

సులువైన తిండికి జాగ్రత్త కూడ తోడుండాలి. ఐదేళ్ళలోపు పిల్లలకు వేరుసెనగపప్పు, పుట్నాలు గింజలుగా ఇవ్వరాదు. ఊపిరిగొట్టంలో చిక్కుకొనే ప్రమాదం కలదు. పొడి చేసి పెట్టాలి. ద్రాక్షపండ్లను నిలువుగా చీల్చాలి. నానబెట్టే నీరు కాచి చల్లార్చినది కావలెను. కోసిన పండ్లను ఎక్కువసేపు నిలవ ఉంచరాదు. పెసరపప్పు నానితే చాలును గదా అని రాజ్మాగింజలను పచ్చిగా తినరాదు. వాటిలోని విషగుణం బాగుగా ఉడికితేనే పోతుంది. పిల్లవాడు బరువు తగ్గుతున్నా, మ్రింగేటప్పుడు ఉక్కిరిబిక్కిరి అవుతున్నా దానిని వట్టి మారాముగా తలచక వైద్యునికి చూపాలి.

తొలినాడు పిల్లవాడు అరటిపండు మాత్రమే తినవచ్చును. మరుసటి వారం పెరుగటుకులలో వేలు ముంచి నాకవచ్చును. కీరదోస నెల గడిచినా గిన్నెలోనే ఉండిపోవచ్చును. తల్లి తొందరపడవలసిన పని లేదు. ఆమె ముందు కూడ ఒక పళ్ళెం ఉన్నది. అందులో చల్లారిపోయేది ఏదియు లేదు. చాలకాలానికి ఆమె ఇంటివారందరితో పాటు కూర్చొని తింటున్నది. కీరదోస ముక్కను ఆమె కరకరమని కొరికినప్పుడల్లా పిల్లవాడు తలయెత్తి చూస్తున్నాడు.