మీకు తెలుసా? పసుపు ఎరుపెక్కే చోట క్షారం ఉంది

తెల్ల పంచె మీద పప్పు పడి పసుపు మరకైంది. వెంటనే బట్టల సబ్బు రుద్దితే ఆ మరక కాస్తా ఎర్రగా, నెత్తురు అంటినట్టు తయారవుతుంది. మరక ముదిరిందని కంగారుపడి ఇంకా రుద్దుతాం. నిజానికి మరక ముదరలేదు. సబ్బు పోయేదాకా నీళ్లలో జాడిస్తే మళ్లీ పసుపురంగుకే వస్తుంది. పసుపులోని కర్కుమిన్ అనే రంగు పదార్థం ఆమ్లంలోనూ మామూలు నీళ్లలోనూ పచ్చగానే ఉంటుంది. క్షారం తగిలితే ఎరుపుకి తిరుగుతుంది. బట్టల సబ్బు క్షారం, అంతే.

బడిలో లిట్మస్ కాగితం చూసి అబ్బురపడ్డాం కానీ, పాత ప్రయోగశాలల్లో దాని పక్కనే పసుపు కాగితం కూడా ఉండేది. నిజామాబాద్ జిల్లా మాక్లూర్ చుట్టుపక్కల ఊళ్లవాళ్లకు పసుపు కొత్త కాదు. నిజామాబాద్ మార్కెట్ యార్డులో కొమ్ముల రాశులు చూస్తూ పెరిగినవాళ్లమే. జాతీయ పసుపు బోర్డు కూడా 2025లో నిజామాబాద్‌కే వచ్చింది. ఆ రాశుల్లోని ప్రతి కొమ్మూ క్షారాన్ని పట్టిచ్చే సాధనమేనని పిల్లలకు చెప్పాలనిపిస్తుంది.

చెప్పడం కన్నా చూపించడం తేలిక. పళ్లెం అంచున చిటికెడు పసుపు వేసి రెండు చుక్కల నీళ్లతో తడపండి. తాంబూలానికి వాడే సున్నం పుల్లతో ఆవగింజంత తీసి కలపండి. సున్నం తాకిన చోట ముందు ఎర్రటి గీత పడుతుంది, తర్వాత ముద్దంతా పారాణి రంగుకి వస్తుంది. పెళ్లికూతురి పాదాలకు పెట్టే పారాణి, దిష్టి తీసే ఎర్రనీళ్లు చేసేది ఇలాగే. ఇప్పుడు దాని మీద నిమ్మరసం నాలుగు చుక్కలు పిండండి. మళ్లీ పచ్చన!

మరి కుంకుమ? పాత పద్ధతిలో కుంకుమ చేసేవాళ్లు పసుపుకి వెలిగారం, నిమ్మరసం పట్టిస్తారు. నిమ్మరసం ఉన్నా ఎరుపు నిలుస్తుంది. ఇందాక చెప్పినదానికి ఇది అడ్డం తిరిగినట్టుంది కదూ? ఇక్కడ పని చేసేది క్షారం కాదు, వెలిగారంలోని బోరాన్. ఆమ్లం సమక్షంలో అది కర్కుమిన్‌తో జతకట్టి వేరే ఎర్రటి పదార్థాన్ని పుట్టిస్తుంది. బోరాన్ జాడ పట్టడానికి రసాయన శాస్త్రవేత్తలు పసుపు కాగితాన్నే వాడుతూ వచ్చారు. పారాణి ఎరుపు, కుంకుమ ఎరుపు పైకి ఒకటే, లోపలి కథలు రెండు. నాకు ఇందులో అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే.

పులుపుని, క్షారగుణాన్ని అంకెల్లో చెప్పే పీహెచ్ కొలత ఒక బీరు కంపెనీ ప్రయోగశాలలో పుట్టిందని తెలుసా? డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగన్‌లోని కార్ల్స్‌బర్గ్ ప్రయోగశాలలో సొరెన్ సొరెన్సెన్ 1909లో దీన్ని ప్రతిపాదించాడు. 7 అయితే తటస్థం. అంతకన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం. నిమ్మరసం 2 పైచిలుకు, పెరుగు నాలుగున్నర దరిదాపు, సున్నపు తేట 12 దాటుతుంది. ఒక్క అంకె తేడా అంటే పది రెట్లు. రెండు అంకెలైతే వంద రెట్లు. ఈ వంద రెట్ల మాట గుర్తుపెట్టుకోండి, చెరుకు దగ్గర పనికొస్తుంది.

నోటికి తియ్యగా తగిలే చెరుకు రసం నిజానికి ఆమ్లమే. అప్పుడే పిండిన రసం పీహెచ్ 5కి కాస్త అటూఇటూ ఉంటుంది. తాగేవాళ్లకి ఇబ్బందేం లేదు. పొయ్యి మీద పెట్టాలంటేనే చిక్కు. వేడి, ఆమ్లం రెండూ కలిస్తే చక్కెర అణువు రెండుగా తెగి గ్లూకోజ్, ఫ్రక్టోజ్ అవుతుంది. తీపి పోదు, గడ్డకట్టే గుణం పోతుంది. అలాంటి బెల్లం పాకం సరిగ్గా గట్టిపడదు. ముద్దకట్టినా వానాకాలం గాలిలోని తేమను లాగేసుకుని చెమ్మగిల్లి జారిపోతుంది. నరికిన చెరుకును ఎండలో వదిలేస్తే సూక్ష్మజీవులు రసాన్ని ఇంకా పులియబెడతాయి. నరికిన గడ గానుగ చేరేదాకా రైతుకు నిద్ర పట్టకపోవడం ఊరికే కాదు.

అందుకే బెల్లం పెనం దగ్గర సున్నపు తేట ఉంటుంది. రసం వేడెక్కుతుండగా ఆ తేట కొంచెం కొంచెంగా పోస్తారు. కాసేపటికి పెనం అంచుల వెంట మురికి ఆకుపచ్చ రంగు మడ్డి నురగతో పాటు పైకి తేలుతుంది. జల్లిగరిటెతో దాన్ని తీస్తూ పోతుంటే కింద రసం తేటపడి, బంగారు ఛాయకి వస్తుంది. కొన్నిచోట్ల బెండ మొక్కల కాండం నలిపిన జిగురు నీళ్లు కూడా పోస్తారు. ఆ జిగురు మడ్డిని పోగుచేస్తుంది. సున్నం చేసేది రెండు పనులు. రసంలోని పులుపు విరిచి చక్కెరను కాపాడుతుంది. రసంలో ఉండే ఫాస్ఫేటుతో కలిసి కరగని పదార్థమై మలినాలను తనతో పాటు పట్టుకొస్తుంది.

అయితే చేయి జారకూడదు. "సున్నం ఎక్కువైతే బెల్లం నల్లవడ్తది" అని పెనం దగ్గరివాళ్లు అనే మాట అక్షరాలా రసాయన శాస్త్రమే. క్షారం ఎక్కువైతే గ్లూకోజ్, ఫ్రక్టోజ్ విరిగి ముదురు రంగు పదార్థాలవుతాయి. తక్కువైతే జారుడు బెల్లం, ఎక్కువైతే నల్ల బెల్లం. పీహెచ్ 5 నుంచి 7కి తేవడమంటే హైడ్రోజన్ అయాన్లను నూరో వంతుకు దించడం. మీటరు లేకుండా, నురగ రంగూ రసం తేటా చూసి ఆ పని చేసిన చేతులకు దండం పెట్టాలి.

మిల్లులో అదే పని పెద్దయెత్తున సాగుతుంది. మన దేశంలో తెల్ల చక్కెర చేసే చాలా మిల్లుల్లో రసాన్ని దాదాపు 70 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, సున్నపు పాలు, గంధకం కాల్చితే వచ్చే సల్ఫర్ డయాక్సైడ్ వాయువు కలుపుతారు. ఒకటి క్షారం, ఇంకోటి ఆమ్లం పుట్టించేది. రెండింటినీ తూచి పీహెచ్‌ను 7 దగ్గర నిలబెడతారు. ఆ తర్వాత మరిగించి, మడ్డిని అడుక్కి దిగనిస్తారు. బోధన్ శక్కర్‌నగర్‌లో 1937లో మొదలై, ఒకప్పుడు ఆసియాలోనే పెద్దదని పేరు తెచ్చుకున్న నిజాం షుగర్ ఫ్యాక్టరీ 2015 చివర్లో ఆగిపోయింది. చెరుకు బండ్ల బారులు చూసినవాళ్లకి ఆ తీపి ఆవిరి వాసన ఇంకా జ్ఞాపకమే.

పొలం సంగతి ఒక్క ముక్క. కారు చౌడు నేలకు సున్నం చల్లకండి. కారు చౌడు అప్పటికే క్షారం. దానికి జిప్సం వేస్తారు. అందులోని కాల్షియం మట్టిని పట్టుకున్న సోడియంను తోసేస్తుంది, తర్వాత మంచి నీరు పెట్టి దాన్ని బయటికి పంపాలి. సున్నం కావాల్సింది పులుపు నేలకు.

చివరిగా, ఇంట్లో తాంబూలం సున్నం డబ్బా గానీ పొట్లం గానీ ఉన్నవాళ్లందరికీ. అది పసిపిల్లల చేతికి అందనివ్వకండి. గట్టిగా నొక్కితే పొట్లం చిట్లి సున్నం సూటిగా కంట్లో చిమ్ముతుంది. ఆమ్లం కన్నా క్షారం కంటికి ఎక్కువ చేటు, ఎందుకంటే అది పొరల్లోని కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగుతుంది. ఇందాక పళ్లెంలో నిమ్మరసం సున్నాన్ని విరిచింది కదా అని కంట్లో నిమ్మరసం, మజ్జిగ లాంటివి పొయ్యకండి. రెప్పలు విప్పిపట్టి శుభ్రమైన నీళ్లు అరగంట పాటు ధారగా పోయండి, రెప్పల కింద ఇరుక్కున్న సున్నం ముక్కలు నీళ్లతో కొట్టుకుపోయేలా చూడండి. ఆ వెంటనే కంటి ఆసుపత్రికి బయల్దేరండి.