విమానములో నీరును విద్యుత్తును

ఇల్లు నడపు స్త్రీకి ప్రతిదినమును రెండు చింతలుండును. కడవలలో నీరున్నదా? దీపమునకు కరెంటున్నదా? పత్తికొండ మొదలైన మెట్టసీమ యూళ్లలో ఈ చింత యెంతటిదో వేఱుగ చెప్పనక్కఱలేదు. వానలు వెనుకబడిన యేట బావులడుగంటును. బిందె చంకనిడుకొని వరుసలో నిలుచు దినములును గలవు. అట్టి యిల్లాలు విమానమెక్కి, కుళాయి నొక్కినంతనే నీరు పడుటయు, తలపైన దీపము వెలుగుటయు చూచినచో, “ఈ యాకాశమున నీరెక్కడిది? ఈ దీపమున కాధారమేమి?” అని తలపోయుట సహజము. దీనికి సమాధానము తెలిసికొనుట వినోదమునకు మాత్రమే కాదు. బిడ్డలతో ప్రయాణము చేయు తల్లులకు ఇందు ఉపయోగము కూడ గలదు.

విమానప్రయాణ మిపుడు మనకు దూరపు మాట కాదు. మన కర్నూలు జిల్లాలోనే ఓర్వకల్లు విమానాశ్రయము 2021వ సంవత్సరము మార్చి 25వ తేదీన ప్రారంభింపబడినది. ఆంగ్లేయుల నెదిరించి 1847లో ఉరికంబమెక్కిన ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు దానికి పెట్టిరి. అదే నెల 28వ తేదీన అచటినుండి బెంగుళూరు, చెన్నపట్టణము, విశాఖపట్టణములకు విమానములు నడువ నారంభించినవి.

విమానమును గాలిలో పోవు ఇల్లని చెప్పవచ్చును. అయితే మన యింటికిని దానికిని ఒక భేదము గలదు. ఇంటికి బావియు, కరెంటు తీగయు బయట నుండును. నేల విడిచిన విమానమునకు బయటినుండి చెంబెడు నీరైనను రాదు, రవంత కరెంటైనను రాదు. కావున నీటిని వెంట మోసికొని పోవలెను. కరెంటును తానే పుట్టించుకొనవలెను. తక్కిన ఏర్పాటులన్నియు ఈ రెంటినుండియే పుట్టినవి.

మొదట కరెంటు సంగతి చూతము. విమానము వచ్చి నిలిచినంతనే, జనరేటరు గల బండియొకటి ప్రక్కకు చేరి, లావైన తీగనొకదానిని విమానము పొట్టకు తగిలించును. ఇంజనులు ఆగియున్నను దీపములు వెలుగుట కిది సాధనము. మన యిండ్లలోని కరెంటు 230 వోల్టులు. అది సెకనునకు 50 ఆవృత్తులతో నడచును. విమానములలో సాధారణముగ వాడునది 115 వోల్టులు, 400 ఆవృత్తులు. ఆవృత్తులు హెచ్చినకొలది మోటారులును ట్రాన్సుఫార్మరులును చిన్నవిగను తేలికగను చేయ వీలగును. విమానమునకు బరువే శత్రువు గనుక ఈ యేర్పాటు.

పెద్ద విమానముల తోకలో చిన్న ఇంజనొకటి దాగియుండును. అది విమానమును నడపదు; కరెంటును, ప్రధానయంత్రములను తిప్పుటకు కావలసిన గాలియొత్తిడిని మాత్రమే యిచ్చును. ఓర్వకల్లువంటి చిన్న విమానాశ్రయములకు తగిన ఏటీఆర్ 72 విమానములలో ఈ తోకయింజను లేదు. అందు మఱియొక యుపాయము చేసిరి. నేలపై నున్నపుడు కుడిప్రక్క ఇంజనును నడపుచు, దాని ఱెక్కలు తిరుగకుండ బిరడా వేయుదురు. ఇంజను తిరుగుచుండును, ఱెక్కలు కదలవు, కరెంటు పుట్టుచుండును.

విమానము లేచిన పిదప ప్రధానయంత్రములే జనరేటరులను తిప్పును. మన దేశమున తఱచుగ కనబడు ఎయిర్‌బస్ 320 విమానమున ఇంజనున కొకటి చొప్పున రెండు జనరేటరులును, తోకయింజనున కొకటియు గలవు. ఒక్కొక్కదాని శక్తి 90 కిలోవోల్టు ఆంపియరులు. వీనిలో ఒక్కటి మిగిలినను విమానము క్షేమముగ దిగగలదు. అట్టి సమయమున మొట్టమొదట ఆగునది వంటగదియే. భోజనములు వేడిచేయు పొయ్యిలకు కరెంటు తనంతట తానే నిలిచిపోయి, నడపువారి యంత్రములకు మిగులును. ఇల్లాండ్రు కష్టకాలమున అక్కఱలేని ఖర్చు తగ్గించుకొనునట్లే యిదియును.

ఈ యేర్పాటుల విలువ 2009వ సంవత్సరము జనవరి 15వ తేదీన లోకమునకు తెలిసినది. న్యూయార్కు నగరమునుండి లేచిన ఎయిర్‌బస్ 320 విమానమునకు పెద్దబాతుల గుంపు తగిలి రెండింజనులును శక్తి గోల్పోయినవి. కెప్టెను సల్లెన్‌బర్గరు తొలుత చేసిన పనులలో తోకయింజనును నడిపించుట యొకటి. అందుచే విమానమును అదుపులో నుంచు యంత్రములకు కరెంటు తప్పలేదు. అతడు దానిని హడ్సన్ నదిపై దింపెను. అందున్న 155 మందియు బ్రతికి బయటపడిరి.

అన్నియు విఫలమైనపుడు బ్యాటరీలు కొంతసేపు కాపాడును. మఱియొక కడపటి యుపాయము కూడ గలదు. విమానపు పొట్టనుండి చిన్న గాలిమర యొకటి క్రిందికి జాఱును. విమాన వేగమునకు ఎదురుగాలి దానిని తిప్పగా ముఖ్యయంత్రములకు కావలసినంత శక్తి పుట్టును. మన సీమ గుట్టలమీద తిరుగు గాలిమరలకిది చెల్లెలు వంటిది.

ఇక నీటి మాట. ఎయిర్‌బస్ 320లో నేలపలకలక్రింద 200 లీటర్ల తొట్టి యుండును. ప్రయాణికులు సుమారు 180 మంది. లెక్కవేసినచో తలకు లీటరును మఱికొంచెమును మాత్రమే, అనగా చెంబెడు నీరు! ముఖము కడుగుటయు, కాఫీ టీలును అన్నియు ఇందులోనే. లీటరు నీటి బరువు కిలోగ్రాము. ఎంత నీరు నింపిన అంత బరువును మోయుటకు ఇంధనము కాలవలెను. కావుననే దగ్గఱి ప్రయాణములకు తొట్టిని నిండుగ నింపని సంస్థలును గలవు. 2009లో జపాను దేశపు ఆల్ నిప్పన్ సంస్థవారు, విమానమెక్కక ముందే కాలకృత్యములు తీర్చుకొని రండని ప్రయాణికులను కోరిరి. ఆ మాట నవ్వు పుట్టించినను దానిలోని లెక్క నిజమే.

మిద్దెపై తొట్టినుండి నీరు క్రిందికి దిగినట్లు ఇచ్చట దిగదు. తొట్టి క్రింద నున్నది, కుళాయి పైన నున్నది. అందుచే తొట్టిలోనికి గాలిని ఒత్తిడితో పంపగా, ఆ యొత్తిడికి నీరు గొట్టములలో పైకెక్కును. 35,000 అడుగుల యెత్తున బయటి చలి సున్నకు 50 డిగ్రీల దిగువకు పోవును. గొట్టములలోని నీరు గడ్డకట్టకుండ అవసరమైన చోట్ల కరెంటుతో వేడి కల్పింతురు. చేతులు కడిగిన నీరు వేడిచేయబడిన చిన్న గొట్టముద్వారా బయటి గాలిలో తుంపరయై పోవును. మరుగుదొడ్డి మలినము మాత్రము బయటికి పోదు. గాలిపీల్పుచేత అది వేఱొక తొట్టిలోనికి లాగబడి, దిగినపిదప ప్రత్యేకమైన బండిలోనికి తీయబడును. ఈ గాలిపీల్పు పద్ధతి 1980 తరువాత వ్యాపించినది. దీనివలన నీటివాడుక మిక్కిలి తగ్గినది.

వంటచేయు స్త్రీల కింపుగ నుండు విశేషమొకటి. లోపలి గాలియొత్తిడి ఆఱు మొదలు ఎనిమిదివేల అడుగుల కొండపై నున్నట్లుండును. ఆ యొత్తిడిలో నీరు నూఱు డిగ్రీలకు ముందే, సుమారు 92 డిగ్రీలకే మఱుగును. అందుచే అచటి టీ మన పొయ్యిమీది టీవలె దిగదు. గాలియు మిక్కిలి పొడిగ నుండును గనుక దాహము లేకున్నను అపుడపుడు నీరు త్రాగుచుండుట మంచిది.

అయితే ఏ నీరు త్రాగవలెను? ఈ ప్రశ్న ముఖ్యమైనది. 1827వ సంవత్సరము జూలై 6వ తేదీన మదరాసు గవర్నరు సర్ తామస్ మన్రో ఈ సీమలో పర్యటించుచు మన పత్తికొండలోనే కలరాచే మరణించెను. అతని జ్ఞాపకార్థము ఇచట ప్రభుత్వమువారు బావి త్రవ్వించి తోపు నాటించిరి. ఆ కాలమున కలరా నీటివలన వచ్చునని ఎవ్వరికిని తెలియదు. 1854లో లండను నగరమున జాన్ స్నో అను వైద్యుడు ఒక నీటిపంపునకును ఆ రోగమునకును గల సంబంధమును బయటపెట్టెను. గవర్నరైనను, కూలివాడైనను చెడునీరు ఒకేవిధముగ చంపును.

విమానపు నీరును ఈ నియమమునకు లోబడినదే. ఊరిలో శుద్ధియైన నీరు బండిలోనికి, బండినుండి గొట్టములోనికి, గొట్టమునుండి తొట్టిలోనికి పోవును. ఎచ్చట అశ్రద్ధ జరిగినను క్రిములు చేరును. 2004లో అమెరికా ప్రభుత్వపు పర్యావరణశాఖవారు 158 విమానముల నీటిని పరీక్షింపగా, నూటికి పండ్రెండింటికి పైగా కలుషితమును సూచించు క్రిములు కనబడినవి. పిదప 2009లో అచట తొట్లను నియమితకాలమున శుద్ధిచేయుటకును, నీటిని పరీక్షించుటకును నిబంధనలు చేసిరి. ప్రపంచ ఆరోగ్యసంస్థయు విమానముల పరిశుభ్రతనుగూర్చి గ్రంథమును వెలువరించినది. నీటిబండియు మరుగుదొడ్డిబండియు వేఱువేఱుగ నుండవలెననుట అందలి ముఖ్యసూత్రములలోనిది. మడిబిందెను పెరటిచెంబుతో కలుపని మన గృహిణికి ఇది క్రొత్త పాఠము కాదు.

కావున సోదరీమణులు జ్ఞాపకముంచుకొనవలసినవి కొన్ని. స్నానగదిలోని కుళాయినీటిని త్రాగరాదు, పిల్లలచేత త్రాగింపరాదు. మూతవేసిన సీసానీటినే అడిగి పుచ్చుకొనవలెను. పసిబిడ్డల పాలకు కాచి చల్లార్చిన నీటిని ఇంటినుండి కొనిపోవుట మేలు; ఎంత కొనిపోవచ్చునో విమానసంస్థవారిని ముందుగ విచారించుకొనవలెను. చేతులు కడుగుకొనుటకు ఆ కుళాయి చాలును, సబ్బు మఱవరాదు. కుళాయిని ఊరక నొక్కుచు నీరు పాడుచేయకుండుట తరువాతివారియెడ మర్యాద.

ఆకాశమున వేగముగ పోవు ఆ మహాయంత్రమును కాపాడుచున్నవి గొప్ప మంత్రములు కావు. నీటిని కొలిచి వాడుట, తొట్టిని శుభ్రముగ కడుగుట, ఒక దీపమాఱిన వేఱొక దీపము సిద్ధముగ నుంచుకొనుట, ఇంతియే. వానకఱవు నెఱిగిన మన సీమ గృహిణులు తరతరములుగ చేయుచున్నవి ఈ పనులే.