ఇటాలిక్కు స్థూలాక్షరము: నిర్మాణము, వినియోగము

ఐరోపా ముద్రణమున ఇటాలిక్కు అనబడు అక్షరము కుడివైపునకు వాలియుండును. వాలుటయే దాని లక్షణమని పలువురు తలంచుచున్నారు. ఈ లక్షణమునకు అతివ్యాప్తి, అవ్యాప్తి రెండును కలవు. నిలువక్షరమును ఊరక ప్రక్కకు వంచినంతమాత్రమున అది ఇటాలిక్కు కాజాలదు. ఇక ఎరిక్ గిల్ 1930 ప్రాంతమున రచించిన జొయానా అక్షరముల ఇటాలిక్కు దాదాపు నిటారుగనే నిలుచును. అయినను అది ఇటాలిక్కే. కావున లక్షణమును వేరొకచోట వెదకవలసియున్నది. ఈ విచారము తెలుగువారికి అక్కరలేనిది కాదు. లావుగా వాలిన శీర్షికలు తెలుగు పుస్తకముల అట్టలమీదను, ప్రకటనలయందును నేడు విరివిగ కానవచ్చుచున్నవి.

15వ శతాబ్దారంభమున ఫ్లారెన్సు నగరమున నిక్కోలో నిక్కోలీ మొదలగు పండితులు ప్రాచీన లాటిను గ్రంథములను త్వరగ వ్రాసికొనుటకై ఒక గొలుసుకట్టు వ్రాతను అలవరచుకొనిరి. అందు కలము కాగితమునుండి తరచుగా లేవదు, అక్షరము ఇరుకగును, ఒక గీతనుండి మరియొక గీత మొలచును. 1501వ సంవత్సరమున వెనిసు నగరమున ఆల్డస్ మనూటియస్ వర్జిలు కావ్యములను చేతిలో ఇముడు చిన్న పుస్తకముగ అచ్చువేసినపుడు, ఆ జాతి వ్రాతనే ఫ్రాంచెస్కో గ్రిఫ్ఫో లోహమున చెక్కెను. ఆ మొదటి అచ్చులలో పెద్దబడి అక్షరములు నిలువుగనే యుండెను. దీనినిబట్టి వాలు ఆనుషంగికమనియు, హస్తగతియే ప్రధానమనియు తేటపడుచున్నది.

పిమ్మట ఇంచుమించు 300 ఏండ్లు ఇటాలిక్కు సన్ననిదిగనే యుండెను. పుస్తకములోపల ఒక మాటను వేరుపరచుటకు ఆ సన్నదనము చాలియుండెను. 19వ శతాబ్దారంభమున లండనులో గోడప్రకటనలు పెరిగినవి. లాటరీ వ్యాపారులకు వీధికి ఆవలనున్నవాని కన్ను లాగు అక్షరము కావలసివచ్చెను. అప్పుడు పుట్టిన స్థూలాక్షరములకు రాబర్ట్ థారన్ ఆద్యుడని ప్రతీతి. వానిలో నిలువుగీత లావు అక్షరపుటెత్తులో మూడవవంతునకు మించుటయు కలదు. సన్నగీత వెండ్రుకవలె నుండును. వానికి వాలురూపములును ఏర్పడెను.

సీసపు అచ్చు చతురస్రమగు దిమ్మ. వాలిన అక్షరపు కొన దిమ్మను దాటి ప్రక్కదానిపైకి వ్రేలాడవలెను. ఆ కొన ఒత్తిడికి విరుగుచుండెను. అందుచే శిల్పి అక్షరమును దిమ్మలోనికి కుదింపవలసియుండెను, లేదా విరుగుటకు సిద్ధపడవలసియుండెను. పెద్ద పరిమాణములకు సీసపు బరువును అడ్డమే. 1827లో న్యూయార్కున డేరియస్ వెల్స్ కొయ్యను చెక్కు యంత్రమును కల్పించిన పిమ్మట గోడప్రకటనలకు కొయ్య అచ్చులు మిక్కిలి వాడుకలోనికి వచ్చెను.

ఈ జాతిలో ప్రసిద్ధికెక్కినది కూపర్ బ్లాక్. 1922లో షికాగోలోని బార్న్‌హార్ట్ బ్రదర్స్ అండ్ స్పిండ్లర్ అను పోతశాల దీనిని వెలువరించెను. రచయితయగు ఆస్వాల్డ్ కూపర్ ప్రకటనలకు చేతితో అక్షరములు వ్రాయుటయే వృత్తిగా గలవాడు. కూపర్ బ్లాకున మూలలన్నియు మెత్తబడి గుండ్రమైనవి. లోపలి ఖాళీలు చిన్నవి. ఓ అక్షరపు నడిమి ఖాళీ వెనుకకు ఒరిగియుండును. కొన్నియేండ్లకు దీనికి ఇటాలిక్కు వచ్చినపుడు, అది నిలువురూపమును వంచుటచే గాక వేరుగ గీయబడుటచే సిద్ధించెను.

లావక్షరమున ఈ శ్రమ తప్పదు. ఒక వలయమును కుడికి వంచిచూడుడు. పైన కుడిప్రక్కను, క్రింద ఎడమప్రక్కను గీత లావెక్కును. పైన ఎడమను, క్రింద కుడిని సన్నగిల్లును. సన్నని అక్షరమున ఈ వికారమును కన్ను క్షమించును. స్థూలాక్షరమున అది వాపువలె కనబడును. కంప్యూటరు మీట నొక్కి వాల్చిన అక్షరమున జరుగునది ఇదియే.

తెలుగులిపి వర్తులమయము. లాటినున కొన్ని అక్షరములకు కలుగు ఈ దోషము తెలుగున ఇంచుమించు అన్నింటికిని కలుగును. మరియు మన లిపికి మూడంతస్తులు: పైన తలకట్టు, గుడి, నడుమ అక్షరము, అడుగున ఒత్తు. అడుగుగీతను కదల్పక వంచినచో పైవి కుడికిని, ఒత్తులు ఎడమకును జరుగును. ‘లక్ష్మి’ అని వ్రాసి వాల్చినచో గుడి ఒకవైపునకును, రెండు ఒత్తులు మరియొకవైపునకును పోవును. తలకట్టునకు కుడికొమ్మ పడుకొనును, ఎడమకొమ్మ నిక్కును. లావువలన వేరొక కీడు కలదు. థకార ధకారములకు భేదము లోపలి చుక్క ఒకటియే. ఖాళీ పూడినపుడు ఆ చుక్క కనబడదు. ‘అర్థము’ ‘అర్ధము’గా చదువబడును. పాఠ్యపుస్తకమున ఇది చిన్న దోషము కాదు.

వినియోగమునకు శబ్దశాస్త్రమున పోలిక కలదు. పాణినీయమున అధికారసూత్రమునకు స్వరితస్వరము గుర్తుగా ఏర్పరుపబడినది. కాలక్రమమున పాఠమునుండి ఆ స్వరము జారిపోవుటచే అధికారమేదో గురుసంప్రదాయమువలననే తెలియవలసివచ్చెను. పుటయందు శీర్షికాక్షరము చేయు పనియు ఇట్టిదే: క్రిందిదంతయు తన అధికారమున నున్నదని అది తెలుపును. అట్టిది పుటకొకటి యుండిన శోభించును; పదియుండిన ఏదియు అధికారము కాదు. ఇక వాక్యములోపల ఒక మాటను నొక్కిచెప్పుటకు తెలుగున అవధారణార్థకమగు ఏకారము ఉండనే యున్నది. ‘రాముడే’ అని వ్రాసి, మరల దానిని లావుచేసి వాల్చుట పునరుక్తి.

అట్టలకును ప్రకటనలకును తెలుగున ఇటాలిక్కు కావలెనన్నచో దాని మూలము ఇంటనే కలదు. కరణముల లెక్కలయందును పాత జాబులయందును గొలుసుకట్టు వ్రాత నిలిచియున్నది. అందు కలము లేవకుండుటచే తలకట్టు తరచుగా విడిగా నిలువక అక్షరముతో కలిసిపోవును. దానిని స్థూలముగ గీయువాడు కలుపుగీతలను సన్నగ నుంచి, వంపులలోనే లావు నింపి, ఒత్తులను కంటికి సరిపడునట్లు ఒక్కొక్కటిగ జరుపుకొనవలెను; థకారపు చుక్కకు మొదటనే చోటు విడువవలెను.